సంతకాల వరుసలో ఇంకా నిలబడాలా?

అందరికీ నమస్కారం.

ఈ పూట మాట్లాడమని నాకిచ్చిన ప్రశ్న "కన్వెన్షన్లు, ఆటోగ్రాఫులు ఇక మానేయాలా?" అని. ఇందులో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. కన్వెన్షన్‌కు, అంటే అభిమానులంతా ఒకచోట చేరి, అతిథులుగా వచ్చిన నటులనూ రచయితలనూ కలిసే సభకు, వెళ్లడం ఒకటి. అక్కడ డబ్బు కట్టి సంతకాలు చేయించుకోవడం ఇంకొకటి. చేయించుకున్నవాటిని ఏళ్ల తరబడి ఇంట్లో కాపాడుకోవడం మూడోది. మూడింటికీ కలిపి ఒకే జవాబు చెప్పబోతేనే చిక్కు. విసుగు పుట్టినవాళ్లు చాలాసార్లు కన్వెన్షన్‌కు వెళ్లడం మానేస్తారు. స్నేహితులు దొరికేది అక్కడే. సంతకాలు మాత్రం పోస్టులో తెప్పించుకుంటూనే ఉంటారు. అంటే ఉంచుకోవలసింది వదిలేసి, వదలవలసింది ఉంచుకుంటున్నారు. అలసిపోయిన మనిషి ముందు వదలాల్సింది సంతకాల వరుసని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. సంతకానికి ఎంతయిందని అడిగితే అందరూ టేబుల్ దగ్గర కట్టిన రుసుమే చెబుతారు. అది కొసరు మాత్రమే. ఒక కాగితం తీసుకుని పోయినసారి వెళ్లిన కన్వెన్షన్ ఖర్చంతా రాయండి: ప్రవేశ టికెట్టు, ప్రయాణం, బస, తిండి, జీతం నష్టపోయి పెట్టిన సెలవులు ఉంటే అవి, సంతకం చేయించడానికి కొన్న ఫొటో లేదా పోస్టరు, ఫొటో ఆప్ (అతిథి పక్కన నిలబడి ఫొటో తీయించుకోవడం) టికెట్టు, సంతకం అసలుదేనని చెప్పే సంస్థకు కట్టే ధ్రువీకరణ రుసుము, ఇంటికొచ్చాక ఫ్రేము. ఇప్పుడు ఒక్కొక్క పద్దు ఎదురుగా "సంతకాలు లేకపోయినా ఈ ఖర్చు పెట్టేవాణ్నా?" అన్న ప్రశ్నకు అవును, కాదు అని రాసుకోండి. "కాదు" అన్నవన్నీ కూడి, తెచ్చుకున్న సంతకాల సంఖ్యతో భాగించండి. ఒక్కో సంతకానికి అయిన అసలు ఖర్చు అదే. రెండో రోజు బస ఎందుకు తీసుకున్నాం? ఆ నటుడు రెండో రోజే వస్తాడు కాబట్టి. ఆ గది అద్దె సంతకం ఖాతాలోకే వెళ్లాలి. ఇలా న్యాయంగా రాస్తే టేబుల్ దగ్గరి రుసుము మొత్తంలో చిన్న భాగమని చాలామందికి తేలుతుంది.

కాలానికీ ఇదే లెక్క. వరుసలో నిలబడ్డ గంటలు ఒకవైపు, ఆ గంటల్లో జారిపోయిన చర్చాసభలు, చిత్రకారుల బల్లలు, స్నేహితులతో భోజనాలు ఇంకోవైపు రాయండి. టేబుల్ దగ్గర దొరికే సమయం సెకన్లలో ఉంటుంది. ఇందులో అతిథిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. దాని వెనక ఉన్న ఏర్పాటు తెలిస్తే కోపం రాదు.

పెద్ద వాణిజ్య కన్వెన్షన్లలో పేరున్న అతిథికి నిర్వాహకులు గ్యారంటీ ఇస్తారు. సంతకాలు, ఫొటోల మీద ఇంత మొత్తం తప్పకుండా వస్తుంది, తక్కువైతే ఆ లోటు మేమే భరిస్తాం అన్న ఒప్పందం అది. కాబట్టి ఆ మొత్తం వచ్చేదాకా వరుస ఎంత వేగంగా కదిలితే నిర్వాహకులకు అంత క్షేమం. టేబుల్ పక్కన నిలబడే సహాయకుడు మీ పేరు ముందే చీటీ మీద రాసివ్వడం, సెల్ఫీలు వద్దనడం, "ఒక్క వస్తువే" అనడం, మాట మొదలుపెట్టేలోపు తర్వాతి మనిషిని పిలవడం, అన్నీ ఆ లెక్కలోంచి వచ్చినవే. ఫొటో ఆప్ ఇంకా వేగం: నిలబడాలి, నవ్వాలి, పక్కకు జరగాలి. మనం వెళ్లింది ఆ మనిషితో నాలుగు మాటలు మాట్లాడడానికైతే, ఆ ఏర్పాటులో అందుకు చోటు లేదు. ఎన్నిసార్లు వెళ్లినా రాదు. ఇది ఒప్పుకోవడం కష్టమే, కానీ నిర్ణయంలో సగం ఇక్కడే తేలిపోతుంది.

అభిమానులే స్వచ్ఛందంగా నడిపే కన్వెన్షన్ల తీరు వేరు. 1939లో న్యూయార్క్‌లో మొదలైన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్ ఈ రోజుకూ స్వచ్ఛంద కార్యకర్తల చేతుల్లోనే నడుస్తోంది. అక్కడికి వెళ్లేవాళ్లను ప్రేక్షకులనరు, సభ్యులంటారు. రచయితలు నిర్ణీత సమయంలో కూర్చుని రుసుము లేకుండా సంతకాలు చేయడం అక్కడ మామూలు. అమెరికాలో కామిక్స్, సినిమా అభిమానులు చేరే శాన్ డియేగో కామిక్ కాన్ కూడా 1970 ఆగస్టులో ఒక హోటల్లో మూడు వందల మందితో జరిగిన సభే. ఇప్పుడు లక్షా ముప్పై వేల మందికి పైగా వస్తారు. ఆ జనంలో పాత సాన్నిహిత్యం వెతుక్కుని, దొరకలేదని బాధపడి, "నాకు కన్వెన్షన్లంటే విరక్తి వచ్చింది" అనుకునేవాళ్లున్నారు. వాళ్లకు విరక్తి వచ్చింది ఆ పరిమాణం మీద. మానేసే ముందు ఒక్కసారి చిన్న కన్వెన్షన్‌కు, ఎవరి సంతకమూ అక్కర్లేకుండా వెళ్లి చూడాలి.

ఇక సేకరణ సంగతి. మీ దగ్గరున్న సంతకాలన్నీ బయటికి తీసి బల్ల మీద పరచండి. ఒక్కొక్కటి చేత్తో పట్టుకుని, ఈ మనిషి చేసిన పనిని ఈ రెండేళ్లలో మళ్లీ చూశానా, చదివానా, విన్నానా అని అడగండి. జవాబు "లేదు" అని వచ్చేవి ఎక్కువైతే మీరు సేకరిస్తున్నది అభిమానంతో కాదు, అలవాటుతో. ఇంకొక గుర్తు ఉంది. అది మరీ ప్రమాదం: "ఇంకా ఇద్దరే మిగిలారు." ఒక పోస్టరు మీద తారాగణం అందరి సంతకాలూ పూర్తి చేయాలన్న పంతం ఇది. ఆ ఇద్దరిలో ఒకరు ఎక్కడికీ రారు, ఇంకొకరు వస్తామని చివరి వారంలో రద్దు చేసుకుంటారు. రద్దయితే సంతకం రుసుము సాధారణంగా తిరిగొస్తుంది. ప్రయాణం, బస డబ్బు మాత్రం వెనక్కి రావు. ఆ పోస్టరును మాత్రం ప్రతిసారీ గొట్టంలో చుట్టి, విప్పి, బల్ల మీద పరిచి, మళ్లీ చుట్టాలి. అంచులు నలుగుతాయి, పాత సంతకాల పెయింటు పెచ్చులూడుతుంది. పూర్తి చేయబోయి ఉన్నవాటినే పాడుచేసుకోవడం ఇలాగే జరుగుతుంది. అక్కడితో ఆపి ఫ్రేము కట్టించడమే మేలు. ఖాళీలున్న పోస్టరుకు వచ్చిన లోపమేమీ లేదు.

ఇంట్లో దాచుకోవడం గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. కొనసాగించాలా, ఆపాలా అన్నది తేల్చేటప్పుడు ఈ భారాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

సంతకానికి పెద్ద శత్రువు వెలుతురు. మామూలు పర్మనెంట్ మార్కర్లలో ఎక్కువ భాగం డై సిరాతో, అంటే ద్రవంలో పూర్తిగా కరిగిన రంగుతో, చేసినవి. "పర్మనెంట్" అంటే నీళ్లకు పోదని అర్థం, వెలుగుకు పోదని కాదు. కిటికీ ఎదుటి గోడ మీద వేలాడదీస్తే నల్ల మార్కరు ముందు గోధుమరంగుకో ఊదాకో తిరిగి, తర్వాత వెలిసిపోతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే గాజు వేయిస్తే ఆ వేగం తగ్గుతుంది, ఆగదు. మామూలు వెలుతురు కూడా రంగును తింటుంది. అందుకే విలువైనదాన్ని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేసి, దాని ముద్రిత ప్రతిని గోడకు పెట్టి, అసలును చీకట్లో ఉంచడం మంచి పద్ధతి.

రెండో శత్రువు తొడుగు. చవక ప్లాస్టిక్ తొడుగుల్లో చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్ ఉంటుంది. దాన్ని మెత్తబరచడానికి కలిపే రసాయనం కాలక్రమంలో బయటికి ఊరి ఫొటోకు అతుక్కుంటుంది. లాగితే సంతకం తొడుగుతో పాటే వచ్చేస్తుంది. ఘాటైన ప్లాస్టిక్ వాసన వస్తుంటే అది పీవీసీ అని అనుమానించాలి. పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ తొడుగులే వాడాలి. వెనక పెట్టే అట్ట ఆమ్లరహితం అయి ఉండాలి. లేకపోతే కాగితం పసుపెక్కుతుంది. ఫొటోలను ముఖాముఖిగా పేర్చకూడదు, ఒకదాని సిరా ఇంకొకదానికి అంటుతుంది. ఫ్రేములో గాజు ఫొటోకు తగలకుండా మధ్యలో అట్ట అంచు పెట్టించాలి. తేమ ఉన్న రోజుల్లో తగిలినచోట ఫొటో గాజుకే అంటుకుపోతుంది. లామినేషన్ జోలికి వెళ్లొద్దు, వేడికి సిరా చెదురుతుంది, మళ్లీ విడదీయలేం. గదిలో సాపేక్ష ఆర్ద్రత, అంటే గాలిలో తేమ, 30 నుంచి 50 శాతం మధ్య, పెద్దగా హెచ్చుతగ్గులు లేకుండా ఉండాలి. అటక మీద, తడి తగిలే గోడకు ఆనించి, వంటగది పక్కన పెట్టకూడదు.

ఇవన్నీ మీ దగ్గరున్న ప్రతి వస్తువుకూ చేయగలరా? ఎన్నింటికి చేయగలరో మీ సేకరణ అంతే ఉండాలని నా అభిప్రాయం. కట్టలు కట్టలుగా అట్టపెట్టెల్లో ఉన్నవి సేకరణ కిందికి రావు. వాటి గురించి ఇంకా నిర్ణయం తీసుకోలేదు, అంతే.

కొనసాగించేవాళ్లు ఉంటారు కాబట్టి సంతకం చేయించే చోట జరిగే పొరపాట్లు కూడా చెబుతాను. నిగనిగలాడే ఫొటో మీద వేళ్ల జిడ్డు ఉంటే మార్కరు మధ్యలో ఎగిరిపోతుంది. వరుసలోకి వెళ్లే ముందు మెత్తని పొడిబట్టతో తుడవండి. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటరు మీద తీసిన మెరుపు కాగితం సిరాను సరిగా పీల్చదు, అలుక్కుపోతుంది. ఫొటో ల్యాబ్‌లో కడిగించిన ప్రింటు నయం. వెండి, బంగారు రంగు పెయింటు పెన్నును బాగా ఊపి, పనికిరాని కాగితం మీద నొక్కి రంగు దింపాకే అతిథి చేతికివ్వాలి. లేకపోతే మొదటి అక్షరం దగ్గరే చుక్కపడుతుంది. పెయింటు ఆరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆరకముందే తొడుగులో దూర్చడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. ముదురు రంగు బొమ్మ మీద నల్ల మార్కరు కనిపించదు, సంతకం ఎక్కడ పడాలో లేత రంగు చోటు ముందే చూసుకోవాలి. పుస్తకమైతే లోపలి శీర్షిక పుట మీద సన్నని పిగ్మెంట్ సిరా (కరగని రంగుపొడి కలిపిన సిరా) పెన్నుతోనో బాల్ పెన్నుతోనో చేయించండి. మార్కరు వెనక పుటకు దిగుతుంది. తోలు బంతి మీద కూడా బాల్ పెన్నే. మార్కరు గీత ఆ తోలులో ఏళ్లు గడిచేకొద్దీ పాకిపోతుంది.

ఇప్పుడు పోస్టులో, ఆన్‌లైన్‌లో కొనేవాళ్ల సంగతి. కన్వెన్షన్ మానేసి ఇటు తిరిగినవాళ్లకు అసలుకే ఎసరొచ్చే ప్రమాదముంది. ఎదుట నిలబడి చేయించుకున్న సంతకానికి మీ కళ్లే సాక్ష్యం. కొన్నదానికి కాగితమే సాక్ష్యం, ఆ కాగితాన్ని కూడా దొంగలు అచ్చువేయగలరు. 1990ల్లో శాన్ డియేగో కేంద్రంగా అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ "ఆపరేషన్ బుల్‌పెన్" పేరుతో దర్యాప్తు చేస్తే పెద్ద ఎత్తున దొంగ సంతకాల వ్యాపారం బయటపడింది. మదర్ థెరెసా సంతకం చేసినట్టు చూపించే బేస్‌బాల్ బంతులు కూడా ఆ సరుకులో ఉన్నాయి. ఆమె బేస్‌బాల్ మీద సంతకం ఎందుకు చేస్తారని ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు. కానీ కొనాలన్న తొందరలో ఆ క్షణమే దొరకదు. నటుడు మార్క్ హామిల్ లాంటివాళ్లు దొంగ సంతకాల మీద గొంతెత్తాక కాలిఫోర్నియా 2016లో చట్టం తెచ్చి, అయిదు డాలర్లు దాటిన సంతకపు వస్తువులకు వ్యాపారి ధ్రువపత్రం ఇవ్వాలంది. చిన్న దుకాణాలకు అది మోయలేని భారమైంది. మరుసటి ఏడాదే ఆ పరిమితిని యాభై డాలర్లకు పెంచారు.

దొంగ ఎవరూ లేకపోయినా మోసపోవచ్చు. యంత్రపు చెయ్యి పెన్ను పట్టి చేసే ఆటోపెన్ సంతకాలున్నాయి. 2022లో గాయకుడు బాబ్ డిలాన్ పుస్తకం ప్రత్యేక ప్రతులను స్వయంగా సంతకం చేసినవంటూ 599 డాలర్ల చొప్పున అమ్మారు. కొన్నవాళ్లు తమ ప్రతుల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే సంతకాలు ఒకదానిమీద ఒకటి అతికినట్టు సరిపోయాయి. ప్రచురణకర్తలు డబ్బు వాపసిచ్చారు, డిలాన్ క్షమాపణ చెప్పారు. ఆటోపెన్ ఆనవాళ్లు తెలుసుకోవాలంటే పది రెట్ల భూతద్దం చాలు: గీత మొదట్లో, చివర్లో పెన్ను ఆగిన చుక్కలు, ఎక్కడా మారని ఒత్తిడి, సన్నని వణుకు. మనిషి చేత్తో రాసిన ఏ రెండు సంతకాలూ అచ్చంగా ఒకటిగా ఉండవు. అచ్చువేసిన సంతకమైతే భూతద్దంలో రంగు చుక్కలు కనిపిస్తాయి. ధ్రువీకరణ సంస్థలు కూడా ఇచ్చేది అభిప్రాయమేనని గుర్తుంచుకోండి. వాటి ప్రతినిధి ఎదురుగా నిలబడి చూసి ముద్ర వేసిన సంతకానికి ఉన్న బలం, తర్వాత పంపి పరీక్ష చేయించినదానికి రాదు.

సంతకాలు చేయడం ఆపిన పెద్దవాళ్లూ ఉన్నారు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1994లో ఆపేశారు, ఆయన పేరుతో అమ్మకాలు, దొంగ సంతకాలు అంతగా పెరిగాయి. బీటిల్స్ బృందం డ్రమ్మరు రింగో స్టార్ 2008 అక్టోబరు 20 తర్వాత అందే అభిమానుల వస్తువుల మీద సంతకం చేయనని ప్రకటించారు. చేసేవాళ్లే ఆపగలిగినప్పుడు చేయించుకునేవాళ్లు ఆపడం అభిమానానికి ద్రోహమేమీ కాదు.

ఆపేవాళ్లకు నేను చెప్పే పద్ధతి ఇది. ముందు ఏడాది విరామం. ఆ ఏడాదిలో ఏదీ అమ్మొద్దు, ఏదీ చేయించొద్దు. అతిథుల ప్రకటనలు ఫోనుకు రాకుండా కట్టేయండి, ముందస్తు బుకింగ్ తెరుచుకునే రోజుల మీదే ఈ వ్యాపారమంతా నడుస్తుంది. ఆ ఏడాదిలో ఒక్క కన్వెన్షన్‌కు మాత్రం వెళ్లండి, సంచిలో సంతకం చేయించే వస్తువు ఒక్కటి కూడా లేకుండా. చర్చాసభల్లో కూర్చోండి, చిత్రకారుల బల్లల దగ్గర తీరిగ్గా మాట్లాడండి, వేషాలు వేసుకొచ్చినవాళ్లను చూడండి. సాయంత్రానికి హాయిగా అనిపిస్తే మీకు కన్వెన్షన్ కావాలి, సంతకాలు అక్కర్లేదు. వెలితిగా అనిపిస్తే ఎవరి టేబుల్ ముందు కాళ్లు ఆగాయో ఆ పేరు రాసుకోండి. సాధారణంగా ఒకటో రెండో పేర్లుంటాయి. ఆ ఒకరిద్దరి కోసం వెళ్లడం తప్పు కాదు. మీ జీవితాన్ని ఒక దారిలో పెట్టిన రచయితో నటుడో వృద్ధాప్యంలో ఉంటే, తప్పకుండా వెళ్లండి. చెప్పాలనుకున్నది ఒక పుట ఉత్తరంగా రాసి ఇవ్వండి. టేబుల్ దగ్గరి సెకన్లు చాలకపోయినా ఉత్తరం వాళ్లతో వెళుతుంది.

ఏడాది తర్వాత అమ్మాలనుకుంటే కొన్ని సంగతులు. "ఫలానావారికి" అని మీ పేరు రాయించుకున్నవి తక్కువ ధర పలుకుతాయి. అవి మీవే, ఉంచుకోండి. సంతకం చేసినవారు మరణించిన వారంలోనే అందరూ అమ్మకానికి పెడతారు. ఆ వెల్లువలో దిగడం నాకు నచ్చదు, తొలి ఉద్వేగం చల్లారాక ధర నిలవకపోవచ్చు కూడా. వేలం సంస్థలు అమ్మేవారి దగ్గరా, కొనేవారి దగ్గరా రుసుము తీసుకుంటాయి. చేతికొచ్చేది ఎంతో ముందే అడిగి రాయించుకోండి. ప్రతి వస్తువుతో పాటు ఆనాటి టికెట్టు, చేతిపట్టీ, సంతకం చేస్తుండగా తీసిన ఫొటో ఉంటే కలిపి ఉంచండి. అనుమానం ఉన్నదాన్ని నిజమైనదని చెప్పి అమ్మొద్దు, తక్కువ ధరకైనా సరే. గ్రంథాలయానికో మ్యూజియానికో ఇవ్వాలనుకుంటే ముందు జాబితా పంపి అడగాలి. చెప్పకుండా పెట్టెలు దింపితే వాళ్లకు భారం. వాళ్లు తీసుకుంటే దానపత్రం మీద సంతకం చేయించుకుంటారు. దాన్ని చదివితే, తర్వాత వాళ్లు ఆ వస్తువును అమ్మవచ్చా లేదా అన్నది తెలుస్తుంది.

(సభ నుంచి ప్రశ్న: "వచ్చే నెల కన్వెన్షన్‌కు అన్నీ ముందే బుక్ చేశానండి. ఇప్పుడు మానాలా?")

మంచి ప్రశ్న వేశారమ్మా. కట్టేసిన డబ్బు ఎటూ పోయింది, దాన్ని లెక్కలోంచి తీసేయండి. వెళితే ఇకమీద ఎంత ఖర్చవుతుంది, వెళ్లకపోతే ఎంత తిరిగొస్తుంది, ఈ రెండే చూడండి. ప్రవేశ టికెట్టు, సంతకం టోకెన్, ఫొటో ఆప్ మూడూ వేర్వేరు సంస్థలు అమ్మి ఉండవచ్చు. వాపసు గడువులు వేర్వేరుగా ఉంటాయి, ఈ రాత్రే మూడు రసీదులూ తీసి చూసుకోండి. పేరు మార్చి ఇంకొకరికి ఇవ్వవచ్చేమో అడగండి. గది బుకింగ్‌కు కూడా ఉచిత రద్దు గడువు ఉండవచ్చు, అది ఎప్పుడు ముగుస్తుందో చూసుకోండి. ఇవన్నీ చూశాక కూడా వెళ్లడమే మేలనిపిస్తే, సంతకం టోకెన్లు మాత్రం వాపసు చేసి, ఆ గంటలు స్నేహితులకివ్వండి.